మద్దిపేట నాట్లు

మంగయ్య హోటల్లో టీవీ పొద్దంతా మోగుతూనే ఉంటుంది. ఆ జనవరిలో అందులో ఒకటే సంగతి. ఎక్కడో సముద్రాల అవతల ఒక చిన్న దేశం మీద పెద్ద దేశం పడింది. చిన్న దేశానికి దోస్తునని చెప్పుకునే ఇంకో దేశం, తుపాకులివ్వాలా, డబ్బివ్వాలా, ఏమీ ఇవ్వకుండా ఊరుకోవాలా అని తమ సభలో మాట్లాడుకుంటోంది. కోట్లు తొడుక్కున్నవాళ్లు లేస్తారు, మాట్లాడతారు, కూర్చుంటారు. మధ్యమధ్యలో కూలిన ఇళ్లు చూపిస్తారు.

మా ఊరివాళ్లు చాయ్ తాగుతూ రెండు పక్షాలయ్యారు. రిటైరైన మాస్టర్ దేవయ్య ఇవ్వకూడదన్నాడు. ఇవ్వడం మొదలుపెట్టినవాడికి ఎక్కడ ఆపాలో తెలియదని, తుపాకీ ఇచ్చినవాడు చివరికి తానే యుద్ధంలోకి దిగుతాడని ఆయన వాదన. సర్పంచ్ కిష్టన్న తల ఊపాడు. ఎవరేమన్నా ఆయన తల ఊపుతాడు. అలాగే సర్పంచ్ అయ్యాడు.

నేనేమీ అనలేదు. కిష్టన్న కూర్చున్నచోట నేను మాట్లాడను. వరద వచ్చిన ఏడు నుంచి ఇదే అలవాటు.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం నా భార్య రాజుబాయిని గడ్డి కోస్తుండగా పాము కరిచింది. ఊరికీ సిరొంచ రోడ్డుకీ మధ్య వాగు పొంగుతోంది. అప్పటికి నీళ్లు నడుము దాకానే. కిష్టన్న పెద్ద ట్రాక్టర్ దాటేది. నేను వెళ్లి అడిగాను. ఇంజన్లోకి నీళ్లు పోతాయేమో, కొంచెంసేపు చూద్దామన్నాడు. చూశాం. నీళ్లు మెడ దాకా వచ్చాయి. సాయంత్రం, ఎవరో ఫోన్ చేస్తే విని, ఎగువనున్న మద్దిపేట నుంచి జంగు నావ వేసుకుని వచ్చాడు. ఆ ప్రవాహంలో నావ వేయడం పిచ్చిపని. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. ఆమెను ఎత్తి పడుకోబెట్టి తెడ్డు అందుకున్నాడు. రాజుబాయి సిరొంచ దవాఖాన గడప దాటింది, కానీ బతకలేదు. మధ్యాహ్నమే తెచ్చి ఉంటే బతికేదని డాక్టర్ చెప్పాడు.

ఆ జంగు, టీవీలో కోట్లవాళ్లు ఇంకా మాట్లాడుతుండగానే మా ఊరొచ్చాడు.

మద్దిపేట గొడవ అందరికీ తెలిసిందే. ఇసుక కాంట్రాక్టర్ వేలంలో తీసుకున్న ఘాట్ నది కింది మలుపు దగ్గర. అక్కడ ఇసుక మరీ సన్నది, ధర పలకదు. అందుకని మద్దిపేటవాళ్ల మోటార్లున్నచోట, వాళ్ల రేవులో తవ్వుతున్నాడు. అధికారులు వచ్చే లోపల మిషన్లు ఒడ్డెక్కి వెళ్లిపోతాయి. వాళ్లు వచ్చి చూస్తే గుంటలుంటాయి, తవ్వినవాడు ఉండడు. మోటార్లకు నీళ్లందక మద్దిపేటవాళ్లు రేవుకు పోయే బాట మీద కూర్చున్నారు. ముసలివాళ్లు, పిల్లతల్లులు, అందరూ. లారీలు ఆగిపోయాయి.

గ్రామసభలో జంగు నిలబడే మాట్లాడాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేం కూసుంటం. ఎన్నిదినాలైనా కూసుంటం. నారు కూసుంటదా? నారుమళ్లు ముదురుతున్నయి. వాడు గదే చూస్తుండు. నారు ముదిరేనాడు వీళ్లే లేచి పొలాలకు పోతరని క్యాంపుల పండుకున్నడు. మాకు మనుషులు కావాలె. దున్నేటందుకు ఎడ్లో ట్రాక్టరో కావాలె. బాట మీద వంటకు జర బియ్యం. గంతే."

అయిదారుగురు కుర్రవాళ్లు కర్రలతో పోదామన్నారు. జంగు వద్దన్నాడు. కర్ర కనిపిస్తే కేసు తమ మీదికే తిరుగుతుందని, ఇన్నాళ్లు కూర్చున్నదంతా గంగలో కలుస్తుందని చెప్పాడు.

కిష్టన్న గొంతు సవరించుకున్నాడు. ఆయన చెప్పినవాటిలో అబద్ధం లేదు, అది ఒప్పుకోవాలి. కాంట్రాక్టర్ మా ఊరి ట్రాక్టర్లు కిరాయికి తీసుకున్నాడు, మా పిల్లలు వాటి మీద బతుకుతున్నారు. మద్దిపేటతో అయిపోయాక వాడు మా రేవు మీదికి రావచ్చు. మనం మధ్యలో దూరితే గొడవ ఇంకా సాగుతుంది, దూరకపోతే వాళ్లే ఏదో ఒకటి మాట్లాడుకుంటారు. కిష్టన్న ట్రాక్టర్లే రెండు ఆ క్యాంపులో ఉన్నాయన్నది మాత్రం చెప్పలేదు. దేవయ్య మాస్టర్ టీవీలో చూసిందంతా మళ్లీ చెప్పాడు. దేశాలకే ఆపడం చేతకాలేదని, మనమెంతని అన్నాడు. చివరికి కిష్టన్న, మద్దిపేటకు మన ఊరి మద్దతు ఉందని ఒక ఠరావ్, అంటే తీర్మానం, రాసి పంపిద్దామన్నాడు. పంచాయతీ రాతకోతలు చూసే గ్రామసేవక్ అప్పుడే కాగితం తీశాడు.

జంగు నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను మాట్లాడకపోదునేమో. నావ సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తే మనిషి కాడు.

నేను లేచాను. కిష్టన్న ఉన్నచోట నేను మాట్లాడటం విని అందరూ తిరిగి చూశారు.

"ఎక్కడ ఆపాలె అన్నవు మాస్టర్. మంచి మాటనే. నాట్లు అయిపోయిన్నాడు ఆపుదాం. ఆయన అడిగింది ఇద్దాం, అడగంది ఇయ్యద్దు. కర్రలు అడగలే, మనుషులను అడిగిండు. కానీ ఇచ్చేదేదో నారు ముదరక ముందుగాల ఇయ్యాలె. ముదిరినంక పోతే అది సాయం కాదు, పరామర్శ. పరామర్శకు నా ఇంటికి ఊరంతా వచ్చింది. నాకేం లాభమైంది?"

కిష్టన్న కళ్లు దించుకున్నాడు. నా పేరెత్తి, సమ్మయ్య బాధలో మాట్లాడుతున్నాడని, ఊరి పని బాధతో చేసేది కాదని మెల్లగా అన్నాడు.

"బాధ కాదు. యాది," అన్నాను.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి యాదక్క లేచింది. రాజుబాయి చెల్లెలు. మా ఊరి నాట్ల ముఠాకు పెద్ద. అంతకుముందు అక్క ఉండేది ఆ పనిలో. యాదక్క నోటికి ఊరు భయపడుతుంది, నాతో సహా.

"ఠరావ్‌ను నాగటికి కడతరా పటేలా, ఎడ్లకు మేపుతరా?" అంది. "వరదల మన పొలాలు కొట్టుకపోతే రెండోసారి నాటేసింది ఎవలు? మద్దిపేటోళ్లు రాలేదా బదలుకు? బదలు అడిగిన ఇంటికి ఎన్నడన్న లేదన్నమా? గిది లడాయంటరు. నాకు లడాయి తెల్వదు. బదలు తెలుసు. పొద్దుగాల పోతున్నం."

బదలు అంటే మాకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మీ పొలంలో మేం నాటేస్తాం, మా పొలంలో మీరు నాటేస్తారు. మధ్యలో కూలి మాట ఉండదు. ఏ ఇంటి మనిషి వచ్చిందో ఆ ఇంటికే తిరిగి వస్తారు.

ఆమె కొడుకు కిషన్ కాంట్రాక్టర్ ట్రాక్టర్ నడుపుతాడని, ఆ పని పోతుందని కిష్టన్న గుర్తుచేశాడు.

"పోతది," అంది యాదక్క. "పోయిందనే అనుకో."

కిషన్ గోడకు ఆనుకుని ఉన్నాడు. తల్లిని చూసి నవ్వాడు. వాడికి అప్పుడే తెలిసింది తన పని పోయిందని.

గ్రామసేవక్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తెల్లవారి మంచులో బయలుదేరాం. అన్నం మూటలు, వేడి నీళ్ల బాటిళ్లు. యాదక్క ముఠా ముందు, నా ఎడ్లు వెనుక, ఇంకో ఇద్దరి చిన్న ట్రాక్టర్లు ఇనుప చక్రాలు తగిలించుకుని చివర. ఇంటికి ఇన్ని అని పోసిన బియ్యం ఒక బండిలో. దేవయ్య మాస్టర్ తన గుమ్మంలో నిలబడి చూశాడు. బండి ఆయన ముందుకు వచ్చినప్పుడు లోపలికి పోయి, ఒక బస్తా తెచ్చి పైన వేశాడు. తన అభిప్రాయం మారలేదని కూడా చెప్పాడు. మంచిదే అన్నాను. అభిప్రాయం ఇంట్లో ఉంచుకుని బస్తా ఇచ్చేవాళ్లు నాకు చాలు.

కిష్టన్న ఇంటి తలుపు మూసి ఉంది.

మద్దిపేట పొలాలు రేవుబాటకు అటూ ఇటూ ఉంటాయి. ఉన్న కొద్ది నీటితో మడి తరువాత మడి తడుపుకుంటూ దున్నాం. మగవాళ్లం నారు పీకి కట్టలు కట్టాం. నేను కట్టలు విసిరితే అవి వంకరగా పడుతున్నాయని ఆడవాళ్లు వేళాకోళం చేశారు. అక్క ఉన్నప్పుడు బావ ఒక్క కట్ట విసిరిన పాపాన పోలేదని యాదక్క అందరికీ వినబడేలా చెప్పింది. అది నిజం. నవ్వారు. నేను ఇంకో కట్ట విసిరాను. అదీ వంకరగానే పడింది.

మద్దిపేటవాళ్లు బాట మీది నుంచి చూస్తున్నారు. తమ పొలాలు వేరేవాళ్ల చేతుల్లో పచ్చబడుతుంటే కదలకుండా కూర్చోవడం కష్టం. ఒక ముసలామె ఉండబట్టలేక దిగి రాబోయింది. యాదక్క మడిలోంచే కేకవేసి వెనక్కి పంపింది. నీ పని కూర్చోవడం, పోయి కూర్చో అంది.

ఆ మర్నాడు మేనేజర్ జీపు పెద్దరోడ్డు మీద ఆగింది. ఎక్కడో దూరపు రాష్ట్రం మనిషి, హిందీ తప్ప రాదు. రోడ్డు దిగి బాట మొదట్లోకి వచ్చాడు. అక్కడి నుంచి రేవు గానీ, రేవు దగ్గర బాట మీద కూర్చున్నవాళ్లు గానీ కనిపించరు. కనిపించేవి పొలాలు, వాటినిండా వంగిన నడుములు. గట్టు పక్కన నాటేస్తున్న యాదక్కను, ధర్నా అయిపోయిందా అని అడిగాడు. ఆమె నడుము ఎత్తలేదు. పని చేసుకుంటున్నాం, కనిపించడం లేదా అని మా మహారాష్ట్ర సర్కారు మాట మరాఠీలో అంది. హిందీకి దగ్గరి మాటే, అతనికి అందింది. మేనేజర్ సంతోషంగా జీపెక్కాడు.

అతని లెక్క తప్పింది అక్కడే. కూలి ముఠాలైతే ఆటోల్లో వస్తాయి. మేం నడిచి వచ్చాం, గట్ల మీద మూటలు పెట్టుకున్నాం. కూలి లేకుండా ఒక ఊరు ఇంకో ఊరి పొలంలో నాటేస్తుందని అతనికెవరూ చెప్పలేదు. కాబట్టి మేమే మద్దిపేట. మద్దిపేట ఓడి పొలాల్లోకి దిగింది.

యాదక్క కాళ్లు కడుక్కోకుండానే జంగు దగ్గరికి పోయింది. జంగు విన్నాడు. తరువాత బాట మీదివాళ్లనందరినీ లేపి రేవు పక్కన తుమ్మల చాటుకు తీసుకుపోయాడు. బాట ఖాళీ అయ్యింది.

మరునాటి పొద్దున మిషన్లు వచ్చాయి. రెండు ప్రొక్లైనర్లు, వాటి వెనుక లారీలు. మా పక్కనుంచే పోయాయి. మేం వంగి నాటేస్తూనే ఉన్నాం. దుమ్ము నీళ్ల మీద పడింది. ఒక డ్రైవర్, మాతో వచ్చిన కిషన్‌కు దోస్తు. వీడిని చూసి చెయ్యూపాడు. వీడూ ఊపాడు.

ఆ రేవులో ఒడ్డు నిలువుగా ఉంటుంది. దిగడానికీ ఎక్కడానికీ ఒకటే దారి. ముందు దిగిన మిషన్లు తవ్వకం మొదలుపెట్టాయి. చివరి లారీ ఇసుకలోకి దిగిందో లేదో, మద్దిపేట మొత్తం తుమ్మల్లోంచి వచ్చి ఆ దారి మీద కూర్చుంది. యాదక్క చేతిలో ఉన్న కట్టను నాటేసి, అప్పుడు నడుము ఎత్తింది. ముఠా అంతా గట్లెక్కి వెనుక బాట నింపింది. మోకాళ్ల దాకా బురద, చేతుల్లో నారు. నేనూ కూర్చున్నాను. అంత తీరుగా నేనెప్పుడూ ఎక్కడా కూర్చోలేదు.

మేనేజర్ అరిచాడు. ఫోన్లు చేశాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు, ఒక్క రాయి తీయలేదు. మధ్యాహ్నం అక్కడే అన్నం మూటలు విప్పాం. కింద ఇసుకలో చిక్కిన డ్రైవర్లకు కూడా జంగు అన్నం పంపాడు.

జంగు కబురు అందుకుని తహసీల్ నుంచి అధికారులు వచ్చారు. ఈసారి గుంటలూ ఉన్నాయి, తవ్వేవాళ్లూ ఉన్నారు, బకెట్లలో తడి ఇసుక కూడా ఉంది. ఘాట్ ఎక్కడ, మిషన్లు ఎక్కడ అన్నది చెప్పడానికి ఎవరూ నోరు తెరవనక్కర్లేదు. మిషన్లు సీజయ్యాయి. వాటిని ఒక్కొక్కటిగా ఒడ్డెక్కిస్తుంటే బాట ఇచ్చాం. చివరి లారీ పెద్దరోడ్డు ఎక్కాక మద్దిపేటలో డోళ్లు మోగాయి. జంగు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. బురద చేత్తోనే నా భుజం పట్టుకున్నాడు.

మిగిలిన మళ్లలో వాళ్లతో కలిసి నాటేసి, నాట్లు అయిపోయిన రోజు వచ్చేశాం. మాస్టర్‌కు చెప్పిన మాట ప్రకారం అక్కడ ఆపాం.

తరువాత బదలు తీర్చడానికి మద్దిపేట వచ్చింది. డోళ్లతో వచ్చారు. మా ఊళ్లో ఏ ఇంటి మనిషి పోయిందో ఆ ఇంటి పొలంలో దిగారు. మొదట నా పొలం. రాజుబాయి పోయాక నా పొలంలో అంతమంది ఆడవాళ్లను నేను చూడలేదు.

కిష్టన్న గట్టు మీదికి వచ్చాడు. ఆయన ఇంటి నుంచి ఎవరూ పోలేదు, కాబట్టి ఆయన పొలానికి ఎవరూ రారు. చామోర్షి వైపు నుంచి కూలీలను పిలిపిద్దామంటే అక్కడా నాట్ల అదునే. ఆయన నారు ముదురుతోంది. యాదక్కకు, జంగుకు నన్ను ఒక మాట చెప్పమన్నాడు. జరిగిందేదో జరిగింది, ఒక ఊరివాళ్లం అన్నాడు.

నేను నారుకట్ట విప్పుతున్నాను. తల ఎత్తకుండానే చెప్పాను.

"ఠరావ్ చెయ్యి, కిష్టన్నా. మద్దతున్నదని సంతకం పెడత."

మడిలో యాదక్క విన్నది. ఆమె నవ్వితే పక్క మడి వాళ్లు ఏమైందని అడిగారు. ఆమె చెప్పింది. వాళ్లు ఇంకో మడికి చెప్పారు. నవ్వు పొలం చివరి దాకా పోయింది. కిష్టన్న గట్టు దిగి పోతుంటే, ఆయన వెనుక నా పొలం మూల దాకా పచ్చబడింది.