నా వెలుగులో నలుగురు అధ్యక్షులు

నేను ఒక ప్రొజెక్టరును. థియేటర్లలో ఉండే పెద్ద జాతి కాదు. ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని బండి ఎక్కించగల చిన్నదాన్ని. ఇప్పుడు రాజమండ్రిలో ఒక కాలేజీ వాళ్ళు పాత వస్తువుల గదిలో, టైపు మిషనుకీ గోడ గడియారానికీ మధ్య నన్ను అద్దాల పెట్టెలో ఉంచారు. పిల్లలు వచ్చి చూసి, "సార్, ఇందులో సినిమా ఎక్కడుంటుంది?" అని అడుగుతారు. సినిమా నాలో ఎప్పుడూ లేదు, నాలోంచి వెళ్ళేది. నా దగ్గర ఏదీ ఆగింది లేదు.

నేను పుట్టింది చికాగో దగ్గర ఒక కార్ఖానాలో. నా ముందు అద్దం బిగించినావిడ ఆఖరి మర తిప్పాక, నా వీపు మీద రెండుసార్లు తట్టి, తరవాతి యంత్రం వైపు తిరిగింది. అంతే, మళ్ళీ ఆవిణ్ణి చూడలేదు. నాకు విడిపోవడమంటే ఉన్న భయం అక్కడే మొదలైందనుకుంటాను. ఓడలో నెల పైగా గడ్డి పరుపుల మధ్య పడుకుని మద్రాసు రేవులో దిగాను. అమెరికా వాళ్ళ ఆఫీసు ఒకటి నన్ను ఒక వ్యానులో పెట్టి గోదావరి జిల్లాలకి పంపింది. ఊరూరా తిరిగి ఆ దేశం గురించి బొమ్మలు చూపించడం నా పని. తెలుగు నాకెవరూ నేర్పలేదు. ఆట మొదట్లో గాజు పలకల మీద రాసి వేసే "దయచేసి నిశ్శబ్దముగా ఉండుడు" అనేదాన్ని వందల సార్లు తెర మీద పడేసి, పడేసి, నేనే కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను.

వ్యానులో నాతో ఇద్దరుండేవారు. కాసింగారు బండి నడిపి, నన్ను కూడా నడిపేవాడు. రెండోవాడు వేదమాణిక్యం. అందరూ మాణిక్యం అనేవారు. అంతకుముందు నాటకాల కంపెనీలో తెర పక్కన నిలబడి, పద్యం మరిచిపోయిన రాజులకీ రాణులకీ మాట అందించేవాడు. మా రీళ్ళన్నీ ఇంగ్లీషులో ఉండేవి కనక, కాసింగారు నా శబ్దం తగ్గించేవాడు, మాణిక్యం మైకు పట్టుకుని తెలుగులో చెప్పేవాడు. అందుకే అతనికి జీతం.

అతని ఇంగ్లీషు స్కూలు ఫైనలు ఇంగ్లీషు. అర్థమైనంత వరకు అర్థమైనట్టు చెప్పేవాడు. అర్థం కానిచోట తెర మీది మొహం వంక తేరిపార చూసి, ఆ మొహానికి తగిన మాట అందించేవాడు. పాత అలవాటు.

మా దగ్గర నలుగురు అధ్యక్షులుండేవారు. వాళ్ళలో మనుషుల్ని కట్టిపడేసే గుణం ఎవరికి ఎక్కువ అంటే, నా మటుకు నాకు అప్పట్లోనే కొన్ని అభిప్రాయాలుండేవి. లింకన్‌వి కదిలే బొమ్మలు లేవు, ఫోటోలే. ఆ గుంటలు పడ్డ బుగ్గల మీద పది సెకన్ల పాటు వెలుగు ఆగితే, అంత జనంలో ఒక్కరూ దగ్గేవారు కాదు. అందగాడు కాని మనిషి అంత నిశ్శబ్దం తెప్పించడం చిన్న సంగతా? రూజ్‌వెల్టు గడ్డం పైకెత్తి నవ్వేవాడు. ఆయన కాళ్ళు పోలియోతో చచ్చుబడ్డాయి. ఎప్పుడు చూసినా కూర్చునో, బల్లని పట్టుకునో, ఎవరి చెయ్యో ఆనుకునో ఉండేవాడు. నడిచే బొమ్మ నా దగ్గరికి దాదాపు రానేలేదు. అయినా ఆయన్ని చూస్తే, ఇప్పుడే పరుగెత్తుకొచ్చి కూర్చున్నట్టు ఉండేది. ఐసెన్‌హోవర్ నవ్వితే తెర చాలేది కాదు. కెనెడీకి మాత్రం, ఎవరో చెవిలో ఇప్పుడే ఒక జోకు చెప్పి వెళ్ళినట్టు, పెదవి చివర ఏదో ఒకటి ఆగి ఉండేది. అదేమిటో చూద్దామని జనం ముందుకి వంగేవారు.

కాని జనానికి ఇవేవీ పట్టవు. జనానికి మాణిక్యం చెప్పిందే లోకం.

గోదావరి మధ్యలో కొత్తలంక అని ఒక ఊరుంది. పడవలు జత కట్టిన పంటు మీద వ్యానుని దాటించాలి. దాటిన ప్రతిసారీ నీళ్ళలో పడిపోతామేమోనని నా గుండె, అంటే నా బల్బు, కొట్టుకునేది. ఆ ఊళ్ళో సోమాలమ్మ అని ముసలావిడ, మోకాళ్ళ నొప్పులతో అందరికంటే ముందొచ్చి గోనెసంచి పరుచుకుని కూర్చునేది. ఒకసారి రూజ్‌వెల్టు రేడియో మైకు ముందు కూర్చుని మాట్లాడే రీలు వేశాం. మాణిక్యం మైకులో, "మామ్మా, నీ మోకాళ్ళెలా ఉన్నాయి? నావీ నీలాగేనమ్మా. లేవకపోయినా పరవాలేదు, మాట లేస్తే చాలు" అన్నాడు. సోమాలమ్మ తెర వంక చూసి, "ఆయ్, వానల్లో మరీ పీకేస్తన్నాయండి బాబూ" అని జవాబు చెప్పింది. కెనెడీ చెయ్యి ఊపితే, "ఇదిగో, కొత్తలంక ఆడపడుచులకి నమస్కారం" అనేవాడు. ఆడవాళ్ళు కొంగు సర్దుకుని నమస్కారం పెట్టేవారు. నాకు నవ్వొచ్చేది, కంగారూ వేసేది. ఎవరైనా ఇంగ్లీషు తెలిసినవాళ్ళు వింటే ఏమవుతుంది?

అరవై మూడు వేసవిలో విన్నారు.

మద్రాసు ఆఫీసు నుంచి ఇందుమతిగారు వచ్చారు. పాతికేళ్ళ మనిషి. కళ్ళజోడు, చేతిలో అట్ట, అట్టకి గుచ్చిన ఫారాలు. ఆవిడ పనులు రెండు. ఒకటి, ప్రేక్షకుల్ని ఒక ప్రశ్న అడగడం: "మీరు చూసిన అమెరికా అధ్యక్షులలో వ్యక్తిగత ఆకర్షణ ఎవరిలో ఎక్కువ? కారణమేమి?" రెండోది, వ్యాఖ్యాత రీల్లో ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాడో లేదో చూసి రాయడం.

"లేకపోతే?" అన్నాడు మాణిక్యం.

"లేకపోతే వ్యాఖ్యాతని తీసేసి, మద్రాసులోనే తెలుగు మాట రికార్డు చేసిన రీళ్ళు పంపుతారండీ," అన్నారావిడ, కాస్త ఇబ్బందిగా.

కాసింగారు అతన్ని వ్యాను వెనక్కి లాక్కెళ్ళాడు. "ఇవాళ ఒక్కరోజు నోరు అదుపులో పెట్టుకో తమ్ముడూ. నీకు ఈ మైకు తప్ప ఇంకేం పనొచ్చు?"

"ఏదీ రాదన్నా."

"మరి!"

ఆ సాయంత్రం మాణిక్యం బుద్ధిగా మొదలుపెట్టాడు. "అధ్యక్షులవారు వ్యవసాయోత్పత్తుల పెరుగుదలను గూర్చి ప్రసంగించుచున్నారు" అన్నాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. పిల్లలు ఇసుక విసురుకున్నారు. సోమాలమ్మ వెనక్కి తిరిగి గట్టిగా అరిచింది: "ఏం మాణిక్యం, జొరమొచ్చిందేటి? ఆ బాబు నోరు కదుపుతున్నాడు, నువ్వేమో కరణంగారి కాయితం చదూతున్నావు!"

అందరూ నవ్వారు. మాణిక్యం ఇందుమతిగారి వంక ఒకసారి చూశాడు, తెర వంక ఒకసారి చూశాడు. గొంతు సవరించుకుని, "అమ్మలారా, ఈ ఏడు మీ అరటి తోటలు ఎలా ఉన్నాయి?" అన్నాడు. ఇక ఆగలేదు.

పొద్దున్నే ఇందుమతిగారు రావి అరుగు మీద కూర్చుని ఫారాలు నింపడం మొదలుపెట్టారు. నేను పక్కనే వ్యానులో తలుపు తీసి ఉన్నాను. ఆవిడ అడుగుతున్నకొద్దీ మాణిక్యం కొంప కొంచెం కొంచెంగా మునుగుతోంది, ముంచుతున్నది అతన్ని ప్రేమించే జనమే.

"బట్టతల బాబేనండి నాకు నచ్చింది," అంది చిట్టితల్లి అనే కూలీ మనిషి. ఐసెన్‌హోవర్ అన్న మాట.

"ఎందుకమ్మా?"

"మా గేదె ఈనిందా అని అడిగారండి. మా ఆయన కూడా అడగలేదు."

ఇందుమతిగారి కలం ఆగింది. తరవాత వచ్చినతను లింకన్ అన్నాడు. కారణం: కూలోళ్ళని కొట్టేవాళ్ళ చేతులు పడిపోతాయని శపించాడట. సగం మంది కెనెడీ అన్నారు. కెనెడీ వచ్చే పుష్కరాలకి రేవు కట్టిస్తానని ఏమైనా మాటిచ్చాడా అని ఆవిడ అడిగితే, లేదట, "వస్తే మీ ఇంట్లోనే అన్నం తింటాను" అని మాత్రం అన్నాడట. సోమాలమ్మ వంతు వచ్చింది.

"ఆకర్షణంటే ఏటమ్మాయ్?"

"అంటే... ఎవర్ని చూస్తే మనసు లాగుతుంది మామ్మగారూ?"

"నా మోకాళ్ళ సంగతి అడిగిన బాబు. కెనెడీ బాబు చక్కనోడే, నేనేటి కాదన్ను. పెళ్ళికి పనికొస్తాడు. కాని జబ్బులో దగ్గర కూకునేది ఆ కుర్చీ బాబే."

ఫారాలన్నీ అయ్యాక ఇందుమతిగారు మాణిక్యాన్ని పిలిచారు. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"వీళ్ళు చెప్పినవాటిలో ఒక్క మాటా రీల్లో లేదు మాణిక్యంగారూ."

"లేదండి."

"మరి ఎందుకు చెప్పారు?"

"మొహాలు చూస్తే అలా అడిగేలాగే ఉన్నారండి, అందుకని. పాపం, వాళ్ళకి మా గేదెల సంగతి తెలీదు గాని, తెలిస్తే అడగరంటారా?"

ఆవిడకి నవ్వు ఆగలేదు. ఆ తరవాత మొహం దించుకున్నారు. "నాకిచ్చిన పని నేను చెయ్యాలండీ. ఉన్నదే రాస్తాను."

"రాయండమ్మా. అబద్ధం నేను చెప్పింది చాలు."

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. వెళ్ళేరోజు మాణిక్యం తన తువ్వాలుతో నా ముందు అద్దం తుడిచాడు. మెల్లిగా, గుండ్రంగా తుడిచాడు. కాసింగారు అటు తిరిగి టైర్లకి గాలి చూస్తున్నట్టు నటించాడు. మాణిక్యం ఏటి అవతల ఒక మిషను బడిలో పిల్లలకి నాటకాలు నేర్పడానికి కుదిరాడని తరవాత విన్నాం.

కొత్త రీళ్ళు వచ్చాయి. మంచి తెలుగు, స్పష్టమైన ఉచ్చారణ, తప్పు పట్టడానికి ఏమీ లేదు. జనం వచ్చారు, చూశారు, దులుపుకుని లేచి వెళ్ళారు. నమస్కారానికి ఎవరూ చెయ్యెత్తలేదు.

ఆ నవంబరులో కెనెడీని చంపేశారు. మునసబుగారి రేడియోలో చెప్పారని కొత్తలంక మగవాళ్ళు అన్నారు. ఆడవాళ్ళు కొట్టిపారేశారు. జనవరిలో అంత్యక్రియల రీలు తీసుకుని ఇందుమతిగారే వచ్చారు. తెర మీద గుర్రాలు, జెండా కప్పిన పెట్టె, నల్ల ముసుగుల ఆడవాళ్ళు కనిపించారు. రికార్డు గొంతు జరిగింది జరిగినట్టు చెప్పింది. ఒక్కరూ ఏడవలేదు. రీలు అయిపోయాక సోమాలమ్మ కర్ర ఊతంతో నా దగ్గరికి వచ్చింది.

"ఇది కట్టుకథ. మాణిక్యం చెప్పలేదు కదా."

"మామ్మగారూ, ఇది నిజం," అన్నారు ఇందుమతిగారు.

"నువ్వు మంచిదానివే అమ్మాయ్. కాని ఆ పెట్టెలో ఎవరున్నారో నాకెలా తెలుస్తాది? ఆ బాబుల మాట మాకు తెచ్చేది మాణిక్యం. అతన్నొచ్చి చెప్పమను."

మర్నాడు ఇందుమతిగారు ఆ ఊళ్ళోనే ఉండిపోయారు. కాసింగారు పడవ ఎక్కి వెళ్ళి, పొద్దు వాలే వేళకి మాణిక్యాన్ని వెంటబెట్టుకొచ్చాడు. చిక్కాడు. బడి పంతులు చొక్కా వదులుగా ఉంది. చీకటి పడగానే మళ్ళీ అదే రీలు ఎక్కించారు. నా శబ్దం మీటని ఇందుమతిగారు తన చేత్తో పూర్తిగా తగ్గించి, మైకు అతని చేతికిచ్చారు.

నాకు భయం వేసింది. ఒక్క మాట చాలు. "ఆయన లేచి కూర్చుంటాడమ్మా" అన్నా వాళ్ళు నమ్ముతారు. వాళ్ళ మొహాలు అలా చెప్పమనే అడుగుతున్నాయి. మొహాలు చూసి మాట అందించడమే కదా అతని విద్య.

మాణిక్యం మొదటిసారి తెర వంక కాక జనం వంక తిరిగాడు. "కెనెడీగారిని కారులో వెళ్తుంటే తుపాకీతో కాల్చారమ్మా. ఆసుపత్రికి తీసుకెళ్ళారు, బతకలేదు. ఆ పెట్టెలో ఉన్నది ఆయనే," అన్నాడు. గుర్రాలు వచ్చినప్పుడు గుర్రాలన్నాడు. జెండా వచ్చినప్పుడు జెండా అన్నాడు. ఒక్క మాట కలపలేదు.

రీలు సగంలో సోమాలమ్మ అడిగింది: "పోయేముందు మాకేవన్నా చెప్పమన్నాడా బాబూ?"

మాణిక్యం మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"లేదు మామ్మా. ఏమీ చెప్పలేదు. వ్యవధి లేకపోయింది."

"అయితే నిజమేనన్న మాట," అంది సోమాలమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిట్టితల్లి భోరుమంది. ఆ వెనక ఆ ఊరి ఆడవాళ్ళందరూ, ఎన్నడూ ఎదురుగా చూడని, తమ ఇంట్లో అన్నం తింటానన్న ఆ మనిషి కోసం ఏడ్చారు.

ఇందుమతిగారు మద్రాసుకి ఒక ఉత్తరం రాశారు. వ్యాఖ్యాత ఉద్యోగమే ఎత్తేశామని, ఇక వీలుపడదని జవాబు వచ్చింది. ఆ తరవాత మాణిక్యాన్ని నేను చూడలేదు. కాసింగారూ రిటైరయ్యాడు. నన్ను గోదాములో పెట్టారు, ఆ తరవాత కాలేజీకి ఇచ్చారు.

ఈ గదికి వచ్చే పెద్దవాళ్ళు, నేను అమెరికా వాళ్ళ బొమ్మలు చూపించానని పక్కన అట్ట మీద చదివి, వాళ్ళలో అసలైన ఆకర్షణ ఎవరిదని ఒకళ్ళతో ఒకళ్ళు వాదించుకుంటారు. నా అభిప్రాయం ఎవరూ అడగరు. అడిగితే నలుగురిలో ఎవర్నీ తీసెయ్యలేను. వాళ్ళు నాలోంచి వెళ్ళినన్నిసార్లు ఇంకెవరి ముందూ నడిచి ఉండరు. కాని ఆ ఆఖరి సాయంత్రం, చెప్పడానికి వంద అందమైన మాటలున్న మనిషి "ఏమీ చెప్పలేదు" అని ఆగిపోయినప్పుడు, నా వెలుగు తెర మీద పడుతున్నా అక్కడ తెర వంక చూస్తున్నవాళ్ళు ఒక్కరూ లేరు.