వెనక వంటగదిలో వెచ్చటి నేల

నాకు కాళ్లు మండుతున్నాయంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. "విమానంలో తిరిగేదానివి, నీకు నడకేముంది?" అంటాడు మా ఆయన, సోఫా మీంచి కాళ్లు దించకుండా. రోజుకి నాలుగు ట్రిప్పులు, చేతిలో ట్రే, మొహాన నవ్వు, ఇంటికొచ్చాక సింకు నిండా గిన్నెలు. వీటిలో దేన్నీ వాళ్లు పని అనుకోరు. వినీ వినీ నా ఒంటి మాట మీద నాకే నమ్మకం పోయింది. అదే కొంప ముంచింది.

నిన్న మధ్యాహ్నం ఆఖరి ట్రిప్పులో, విమానం వెనకుండే మా వంటగదిలో తెర చాటున బూటు విప్పాను. తలుపు పక్కన అరచెయ్యంత మేర నేల వెచ్చగా తగిలింది. పాదం పక్కకి జరిపితే చల్లగా ఉంది. మా ఇన్‌ఛార్జిని పిలిచాను. ఆవిడ బూటుతోనే తొక్కి చూసి, "పొద్దున్నుంచి నిలబడితే కాళ్లు మండవా? రాస్తే రాయి. ఇంజనీర్లు వచ్చి చూసేదాకా నువ్వే ఉండి చూపించాలి మరి" అంది.

దిగాక, లోపాలు రాసే పుస్తకం తెరిచాను. అందులో రాస్తే, సంగతేమిటో తేల్చందే విమానం కదలదు. పెన్ను మూత కూడా తీశాను. అప్పుడు మా అత్తగారి గొంతు చెవిలో మోగింది: "ఆకాశంలో ఊరేగేవాళ్లకి ఇంట్లో పొయ్యెక్కడుందో గుర్తుంటుందా?" ఆ వారంలో అప్పటికే రెండుసార్లు ఇంటికి ఆలస్యంగా వెళ్లాను. రెండోసారి మా ఆయన కంచం ముందు నుంచి లేచిపోతూ, "ఆ విమానాన్ని నువ్వొక్కదానివే మోస్తున్నావా?" అన్నాడు. పెన్ను మూత పెట్టేశాను. టైముకి ఇల్లు చేరాను. ఎవరూ ఏమీ అనలేదు. సిగ్గు లేకుండా హాయిగా నిద్ర కూడా పోయాను.

ఈరోజు మళ్లీ అదే విమానం. బయల్దేరిన అరగంటకి బూటు విప్పి చూశాను. పాదం ఆన్చలేకపోయాను. నిన్న అరచెయ్యంత ఉన్న వేడి ఇవాళ పళ్లెమంత అయింది. పైగా కాలిన వైరు వాసన. ఆఖరి వరసలో ముసలాయన "అమ్మాయ్, మీ వంటేదో మాడుతున్నట్టుంది" అన్నాడు. నవ్వాను, నవ్వడం మా ఉద్యోగం కదా. ఆయన పక్కన ఒక తల్లి చంటిపిల్లకి మేజోళ్లు తొడుగుతోంది. మొత్తం నూట అరవై మంది.

ఈసారి ఇన్‌ఛార్జి వంగి చెయ్యి పెట్టి చూసింది. మొహం పాలిపోయింది. కెప్టెన్‌కి ఫోను కలిపి నాకిస్తూ, "ఇప్పుడే చూశామని చెప్పు. నిన్నటి సంగతి ఎత్తావంటే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి" అంది గుసగుసగా. ఎత్తకపోతే ఎవరికీ తెలియదు. అదీ నిజమే.

విషయం చెప్పాను. "ఎప్పట్నుంచమ్మా?" అన్నాడు కెప్టెన్. "ఇప్పుడే మొదలైతే కాస్త గమనిద్దాం. ఇంకో గంటలో ఎలాగూ దిగుతాం."

ఇన్‌ఛార్జి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నేల వేడి ఇప్పుడు బూటు అడుగులోంచి కూడా తగులుతోంది.

"నిన్నటి నుంచి సార్. ఒక్క రోజులో నాలుగింతలైంది. గంట ఆగకండి, దగ్గర్లో ఎక్కడుంటే అక్కడ దించెయ్యండి."

విమానం ఒక పక్కకి ఒరిగి దిగడం మొదలుపెట్టింది. అప్పుడడిగాడు కెప్టెన్, "నిన్నే ఎందుకు రాయలేదు?"

"ఇంటికి ఆలస్యమైతే తిడతారని సార్."