లాగకు, తాగనివ్వు

కిటికీలోంచి కొట్టిన జల్లుకు అమ్మ ఫొటో దాని ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. అమ్మకున్న ఫొటో అదొక్కటే. నెగటివ్ లేదు, నకలు లేదు. సాయంత్రం ఐదింటి రైలుకి అక్క దిగుతుంది. దిగగానే అడిగేది దాన్నే.

మూడు గంటలకి, బస్సు డ్రైవరుగా చేసే కొడుకు ఫొటోలు బాగుచేసే ఆవిడ కొట్లో చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

ఆవిడ అద్దాన్ని దీపం కింద తిప్పి చూసింది. "ఈ మూల బ్లేడు పెట్టిందెవరు?"

"నేనే. చీర అంచు కాస్త లేచొచ్చింది."

"మొహం దాకా పోలేదు, నయం." ట్రేలో శుద్ధిచేసిన నీళ్ళు పోసి, అద్దంతో సహా ఫొటోని ముంచబోయింది.

"ఆగండమ్మా. నీళ్ళవల్లేగా కొంప మునిగింది. మళ్ళీ నీళ్ళా?"

మూల కుర్చీలో పేపరు చదువుతున్న ఆవిడ మామగారు తలెత్తారు. ఒకప్పుడు ఇంగ్లీషు మేష్టారు. "నానడాన్ని ఇంగ్లీషులో ఏమంటారోయ్?"

"సోక్."

"పీల్చడాన్ని?"

"సక్... అనుకుంటా."

"రెండూ ఒక తల్లి పిల్లలే. సోక్ అంటే నీళ్ళొచ్చి మీద పడటం కాదు, వస్తువు తనే తీరిగ్గా పీల్చుకోవడం. మాట మెల్లగా మనసులో ఇంకినా ఇంగ్లీషువాళ్ళు సోక్ అనే అంటారు. నీ ఫొటో అరకొరగా తడిసి ఆరింది, అందుకే అంటుకుంది. ఇప్పుడు కడుపునిండా తాగనీ. లాగకు."

"మామయ్యగారూ, ఆయన ప్రాణం గిలగిల్లాడుతుంటే మీకు పాఠాలు," అంటూనే కోడలు ఫొటోని ట్రేలో ముంచేసింది.

ఇరవై నిమిషాలు. ఫొటో కదల్లేదు. డ్రైవరు వేలు పెట్టబోతే ఆవిడ చేతిమీద ఒక్కటిచ్చింది.

నాలుగున్నరకి పై అంచు తామరాకులా తేలింది. తర్వాత భుజం, చెవి రింగు, నవ్వు. అద్దం అడుగుకి జారిపోయింది. అమ్మ మొహం మీద చిన్న గీతైనా లేదు.

డ్రైవరు స్టూలు మీద కూలబడ్డాడు. ఐదవుతుండగా ఫోను మోగింది. అక్క. రైలు స్టేషన్లోకి వస్తోందట.

దాచలేక జరిగిందంతా చెప్పేశాడు. "ఆరడానికి టైము పడుతుందక్కా. చీర అంచు కాస్త పోయింది."

రైలు చప్పుడులోంచి అక్క గొంతు పెంచి అడిగింది.

"మొహం?"

"నిన్నటికంటే తేటగా ఉంది."

"బతికిపోయావురా," అంది అక్క. "లేకపోతే నిన్ను నానబెట్టి ఉతికేదాన్ని."