ఒక్క నవ్వు తక్కువ

నేను ఒక రేకు డబ్బాను, బిస్కట్ల డబ్బాను. మూత సరిగ్గా బిగుస్తుందా లేదా అన్న బెంగతో పుట్టాను, ఆ బెంగతోనే ముసలిదాన్నయ్యాను.

మద్రాసు రేవు దగ్గర ఒక కార్ఖానాలో రేకు కత్తిరించి, మడిచి, అంచులు నొక్కి నన్ను చేశారు. మూత మీద రెండు చిలకల బొమ్మ అచ్చు వేశారు. ఒక చిలకకి కన్ను పడలేదు. ఆ వంక పెట్టి నన్ను తీసి పారేస్తారేమోనని రోజంతా భయపడ్డాను. ఎవరూ చూడలేదు. మనుషులకి డబ్బాతో పని ఉండదు, లోపల ఏముందో దానితోనే పని అనుకున్నాను. సినిమావాళ్ళ ఇంటికి చేరాక తెలిసింది, అక్కడ అంతా తలకిందులని. వాళ్ళు పైన బొమ్మ చూసి తృప్తిపడేవారు. లోపల ఏముందో అడిగినవాళ్ళు తక్కువ.

కోడంబాకంలో ఒక కిరాణా కొట్టులో రెండు నెలలు దుమ్ము పట్టి కూర్చున్నాను. ఒక నిర్మాత తన సినిమా మొదలైన రోజున కొత్త నటికి కానుకగా ఇవ్వడానికి నన్ను కొన్నాడు. అలా ఆ నటి తల్లి భ్రమరాంబ గారింటికి వచ్చాను. ఆవిడది తెనాలి. చిన్న వయసులోనే భర్త పోతే, ఉన్న ఒక్క కూతుర్నీ వెంటబెట్టుకుని మద్రాసు వచ్చింది. చదువు ఐదో తరగతి. భయం మాత్రం పెద్ద చదువే చదివింది. కూతురు మెట్లు దిగుతుంటే జారిపడినట్టు, రిక్షా ఎక్కితే బోల్తా పడినట్టు ముందే చూసేసేది.

బిస్కట్లు వారంలో అయిపోయాయి. ఆవిడ నన్ను చింతపండుతో తోమి, ఎండలో పెట్టి, "గట్టి రేకు. దేనికైనా పనికొస్తుంది" అని దాచింది. దేనికి పనికొస్తానో అప్పటికి ఇద్దరికీ తెలియదు.

కూతురి అసలు పేరు పేరంటాలు. సినిమావాళ్ళు ఆ పేరు తీసేసి మిస్ చారుమతి అని పెట్టారు. పేరంటాలు చేతికి సిగరెట్టు ఇచ్చారు. అన్నీ డిటెక్టివు సినిమాలు. పదీ పన్నెండు రోజుల్లో తీసి అవతల పారేసేవి. పెద్ద సినిమాలవాళ్ళు వాడి వదిలేసిన సెట్టులో, ఒకే మెట్ల వరసని ఒకసారి జమీందారు బంగళా అని, ఒకసారి క్లబ్బు అని తీసేవారు. లైట్లు తక్కువ. అందుకని సగం ముఖం చీకట్లోనే ఉండేది. తర్వాత రోజుల్లో చదువుకున్నవాళ్ళు దాన్నే గొప్ప కళ అన్నారు. ఆమె కథ కూడా ఎప్పుడూ ఒకటే. హీరోని మోసం చేస్తుంది, చివర్లో మనసు మారుతుంది, హీరోకి తగలాల్సిన గుండు తనకి తగుల్తుంది. మనసు మారకపోతే ఇంకో రెండు రీళ్ళు బతికేదేమో అని నాకనిపించేది.

సినిమావాళ్ళలో ఒక ఆచారం ఉంది. చచ్చినట్టు నటించిన మనిషిని అలాగే వదలకూడదు. దిష్టి తీసి, అదే చీరతో లేపి, కెమెరా ముందు నవ్వించి ఒక చిన్న షాటు తీస్తారు. ఆ నవ్వు సినిమాలో ఉండదు. ఎడిటింగు గదిలో కత్తిరించి కింద పడేస్తారు. భ్రమరాంబ గారు నన్ను చంకన పెట్టుకుని ఆ గది గుమ్మం దగ్గర నిలబడి చెయ్యి చాపేది.

"ఏం చేసుకుంటావమ్మా ఈ ముక్కలు? జడకి కట్టుకోవడానికి కూడా పనికిరావు" అనేవాడు ఎడిటరు అంకయ్య.

"నా పిల్ల లేచినట్టు రుజువయ్యా అది. చెత్తలో వెయ్యమంటావా?"

"నీ పిల్ల అదిగో, బయట బజ్జీలు తింటోంది. ఇంకా రుజువెందుకు?"

"బజ్జీలు ఇవాళ్టికి. ఈ ముక్క ఎప్పటికీ ఉంటది. ఇయ్యి."

అలా నాలో మొదటి ముక్క పడింది. ఆవిడ దాన్ని కాగితంలో చుట్టి, పెన్సిలుతో పెద్ద పెద్ద అక్షరాల్లో 'ఒకటి - లేచింది' అని రాసింది. తర్వాత 'రెండు - లేచింది', 'మూడు - లేచింది'. గుండు తగిలి, విషం తాగి, కారు లోయలో పడి, పద్దెనిమిదిసార్లు పోయింది పేరంటాలు. పద్దెనిమిదిసార్లూ లేచింది. ఆ ముక్కలన్నీ నా కడుపులో పెట్టుకున్నాను. నీళ్ళు చేరతాయేమో, చీమలు పడతాయేమో, మూత వదులైందేమో అని నేను పడ్డ ఆరాటం ఎవరికి చెప్పను.

ఒక్కటి మాత్రం ఆవిడకి చెప్పాలనుకున్నాను, నోరు లేక ఊరుకున్నాను. మొదటి ముక్కలో పిల్ల నిజంగా నవ్వింది, కిందపడి నవ్వింది. పదో ముక్కకి పళ్ళు మాత్రమే నవ్వాయి. "చావమంటే ఎన్నిసార్లయినా చస్తానే అమ్మా, లేవగానే నవ్వమంటేనే దవడలు పీకుతున్నాయి" అనేది ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని. తల్లి ఆ కాళ్ళకి కొబ్బరినూనె రాస్తూ, "నవ్వకపోతే ఎట్టా తల్లీ, ఇంకొక్కసారికి ఓర్చుకో" అనేది.

పందొమ్మిదో సినిమా దర్శకుడు పరాంకుశం. ఆ సినిమాలో ఆమె ఆ పాత మెట్ల మీదినుంచే దొర్లిపడి చనిపోవాలి. మధ్యాహ్నానికి షాటు అయిపోయింది. భ్రమరాంబ గారు కొబ్బరికాయ పట్టుకుని రెడీగా ఉంది. పరాంకుశం తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు.

"ఫిల్ము లేదమ్మా. ఉన్నదంతా పడిపోవడానికే అయిపోయింది. రేపు పొద్దున మొదటి షాటు అమ్మాయి నవ్వే. నాదీ పూచీ."

"ఇవాళ చచ్చి రేపు లేస్తారా అయ్యా ఎక్కడన్నా?"

"సినిమాల్లో లేస్తారమ్మా."

మర్నాడు వెళ్ళేసరికి వడ్రంగులు మెట్లు ఊడదీస్తున్నారు. సినిమాకి డబ్బు పెట్టినవాళ్ళు ఇద్దరూ కొట్లాడుకుని, తీసినంతవరకూ డబ్బాల్లో పెట్టి ల్యాబులో పడేశారు. ఆవిడ ఇంటికొచ్చి ఒక కాగితం చింపి 'పందొమ్మిది' అని రాసింది. పక్కన గీత గీసింది. ఆ గీత పక్కన ఇంకేమీ రాయలేదు. ఖాళీ కాగితాన్నే మడిచి నాలో పెట్టింది. అంత తేలిక కాగితం అంత బరువుంటుందని నేననుకోలేదు.

ఇక చూడండి ఆ ఇంట్లో. పేరంటాలుకి పొలమారితే పందొమ్మిది. జ్వరమొస్తే పందొమ్మిది. వచ్చిన రెండు సంబంధాలు తప్పిపోయినా పందొమ్మిదే.

"నాకు జలుబు చేసినా పరాంకుశం గారేనా అమ్మా?"

"ఆయనే. ఫిల్ము ఉంచుకోని మనిషి వల్ల ఏదైనా అవుద్ది."

ఒక పెళ్ళిలో ఆయన భ్రమరాంబ గారికి కనబడ్డాడు. భోజనం చేస్తున్న మనిషి ఎదురుగా వెళ్ళి నిలబడిందట. "ఒక్క నవ్వు తీసి పెట్టయ్యా. నీ కాళ్ళు పట్టుకుంటా." ఆయన విస్తట్లోంచి తలెత్తకుండానే, "ఆ సినిమా ఎవరూ చూడలేదు కదమ్మా. ఎవరూ చూడని చావు చావెలా అవుతుంది?" అన్నాడట.

"నేను చూశాను గదయ్యా" అందట ఆవిడ.

పేరంటాలు ఇంటికొచ్చి ఇది చెప్పి నవ్వబోయింది. నవ్వలేకపోయింది.

ఇంకో ఏడు సినిమాల్లో చనిపోయింది, ఏడుసార్లూ లేచింది. రంగుల సినిమాలొచ్చాయి. రంగుల్లో సగం ముఖం దాచడం కుదరదు. కొత్త పిల్లలొచ్చారు. ఆఖరి సినిమాలో ఆమెకి హీరోయిన్ తల్లి వేషమిచ్చి మొదటి రీల్లోనే చంపేశారు. మొత్తం ఇరవై ఆరు చావులు, ఇరవై ఐదు నవ్వులు.

భ్రమరాంబ గారు ఎనభై దాటాక మంచాన పడ్డారు. నన్ను మంచం పక్కన పెట్టించుకుని ముక్కలు వేళ్ళతో తడిమి లెక్క చూసేవారు.

"నేను పోయాక ఆ పందొమ్మిది సంగతి ఎవరడుగుతారే?"

"ఎవరూ అడగరులే అమ్మా. పడుకో."

"అదేనే నా భయం."

ఆవిడ పోయారు. ఆవిడని లేపి నవ్వించే ఆచారం ఎవరికీ లేదు. నన్ను బీరువా మీదికి ఎక్కించారు. అక్కడ ముప్పై ఏళ్ళు. లోపల ఫిల్ము పాడై పులుపు వాసన పట్టింది. ఆ పులుపుకి నా అడుగు తుప్పు పట్టింది. నాకు చిల్లు పడితే పిల్ల నవ్వులు బీరువా మీద కారిపోతాయేమో అనే దిగులు తప్ప నాకింకో పని లేదు.

ఒకరోజు ఒక అమ్మాయి వచ్చింది. పేరు హిమజ. పాత సినిమాలు వెతికి భద్రం చేసే చోట పని చేస్తుందట. పేరంటాలుకి అప్పటికి ఎనభై రెండేళ్ళు.

"మీ సినిమాలన్నీ పోయాయండీ" అంది హిమజ. "పాత ఫిల్ములన్నీ కరిగించేశారు, అందులో వెండి కోసం. ఒక్కటే దొరికింది. విడుదల కాలేదు కాబట్టి ల్యాబులో ఎవరూ ముట్టుకోలేదు."

"ఏది?"

"అందులో మీరు మెట్ల మీదినుంచి పడిపోతారండీ."

లోకంలో పేరంటాలువి ఇరవై ఐదు చావులు మాసిపోయి, ఆ ఒక్కటే మిగిలింది. తల్లి భయపడిందే అక్షరాలా జరిగింది. నా రేకు జిల్లుమంది.

పేరంటాలు నన్ను దింపించి మూత తీసింది. హిమజ పొట్లాలన్నీ విప్పి, కిటికీ వెలుగులో పెట్టి ఒక్కో నవ్వూ చూసింది. చివరికి ఖాళీ కాగితం చేతికొచ్చింది. పేరంటాలు దాని కథ చెప్పి, "నీ దగ్గర కెమెరా ఉంది గదా. ఒక్క షాటు తీస్తావా అమ్మాయ్? మా అమ్మ అప్పు" అంది.

పౌడరు రాసుకుని కుర్చీలో కూర్చుంది. హిమజ చిన్న కెమెరా ఎదురుగా పెట్టింది. నవ్వు రాలేదు. పళ్ళు బయటపెట్టింది, అవి కట్టుడు పళ్ళు. మళ్ళీ ప్రయత్నించింది. పెదవి ఒక పక్కకే సాగింది. నాకు చూడబుద్ధి కాలేదు. ఆమెకే విసుగొచ్చి, "సరే, ఎట్టా వస్తే అట్టా తియ్యి. అయ్యాక ముక్క మాత్రం నాకియ్యాలి. డబ్బాలో వెయ్యాలి" అంది.

హిమజ ఇబ్బందిగా చూసింది. "ముక్క ఉండదండీ. ఈ కెమెరాలో ఫిల్ము లేదు."

"ఫిల్ము లేదా?"

"లేదండీ."

పేరంటాలు ఆ పిల్ల వంక చూసింది, నా వంక చూసింది. "ఇప్పుడు కూడా లేదా" అని మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయింది. భుజాలు కదిలాయి. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. కుర్చీ చేతులు పట్టుకుని, దగ్గుకుంటూ, ఆయాసపడుతూ నవ్వింది. మొదటి ముక్కలో నవ్విన నవ్వది. హిమజ కెమెరా ఆపలేదు.

ఆ సినిమా చివర ఆ నవ్వుని అతికించామని తర్వాత ఫోను చేసి చెప్పింది. నా ముక్కలన్నీ చల్లటి గదిలో దాచడానికి ఆ రోజే తీసుకెళ్ళింది. నన్ను మాత్రం "ఈ తుప్పు ఫిల్ముకి పడదండీ" అని వదిలేసింది. ఇన్నేళ్ళు కాపాడింది నేను. సరే.

ఇప్పుడు నాలో పేరంటాలు బీపీ మాత్రలున్నాయి. వాటి కింద ఆ పాత కాగితం ఉంది. గీత పక్కన వంకర అక్షరాలతో 'లేచింది' అని రాసుకుంది. అయినా నా బెంగ తీరలేదు. తల్లి పోతూ దాన్ని నాకు అప్పగించి పోయినట్టుంది. రోజూ పొద్దున ఏడింటికి ఆమె నా మూత తీయాలి. ఇవాళ ఏడుంబావు అయింది. పాలవాడు పిలిచి వెళ్ళిపోయాడు. పక్కింటివాళ్ళ రేడియో మొదలై ఆగిపోయింది. ఏడున్నర అయింది. నాకు కాళ్ళుంటే వెళ్ళి చూసేదాన్ని.

గదిలో మంచం కిర్రుమంది. చెప్పులు ఈడుస్తున్న చప్పుడు.

లేచింది.