గేటు బయట నడిచిన బడి

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. నేను అక్షరాలు నేర్చింది జుట్టు నెరిశాక. ఒత్తులు ఇంకా నా చేతికి సరిగా లొంగలేదు. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. తప్పులుంటే మీరే దిద్దుకోండి. ఇది మా హైస్కూలు గేటు తాళం కథ. అది చెప్పినట్టే రాస్తున్నాను.

నేను ఒక తాళంకప్పను. పుట్టింది అలీగఢ్‌లో. కొలిమి వేడి, ఆకురాయి గరగర తప్ప అక్కడి సంగతులేవీ నాకు గుర్తు లేవు. రాజమండ్రి ఇనప సామాన్ల కొట్లో చాలాకాలం మేకుకు వేలాడాను. వచ్చినవాళ్ళంతా నన్ను గుంజి చూసి, "గట్టిదేనా?" అని అడిగేవారు. మనుషులు దొంగలకు భయపడి తాళాలు కొంటారని అప్పట్లో నా నమ్మకం. నన్ను కొన్న కామేశ్వరరావు మాస్టారు భయపడింది ఆలస్యంగా వచ్చే పిల్లలకు.

ఆయన కాకరలంక హైస్కూలు హెడ్మాస్టరు. మంచి మనిషే, ఎవరినీ కొట్టి ఎరగరు. కాకపోతే టైమంటే ప్రాణం. ప్రార్థన కాగానే అటెండర్ గంగరాజు నన్ను గేటు గొలుసుకు వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. మళ్ళీ తీయడం ఇంటర్వెల్ గంటకే. ఆలస్యంగా వచ్చినవాళ్ళు అంతదాకా బయటే.

కాకరలంకలో ఇంటింటికీ పూలతోటే. చేమంతులు, కనకాంబరాలు తెల్లారకముందే కోసి మార్కెట్‌కు చేర్చాలి. ఎండెక్కితే పువ్వు తల వాలుస్తుంది, కొనేవాళ్ళు వెళ్ళిపోతారు. కోతకు పిల్లల చేతులు కూడా కావాలి. అందుకని కార్తీకం వచ్చిందంటే సగం బడి నాకు అవతలే ఉండేది.

గేటు పక్కన మాణిక్యం అనే ఆవిడ జామకాయల బుట్టతో కూర్చునేది. భర్త పోయి చాలాకాలమైంది, చదువు రాదు. బయట పడ్డ పిల్లలకు ఆవిడే పెద్ద దిక్కు.

వాళ్ళలో వీరవేణి అని తొమ్మిదో తరగతి పిల్ల. పొద్దుటి పీరియడ్లలో పోయేవి లెక్కలు. పోతే పోయాయని ఆ పిల్ల ఊరుకోలేదు. మట్టిలో పుల్లతో వేసేది. రానిది పక్కవాళ్ళను అడిగేది. వాళ్ళకూ రాకపోతే అందరూ కలిసి దాంతో కుస్తీ పట్టేవారు. చిన్నవాళ్ళు ఓ పక్క వాచకం పైకి చదివేవారు. వింటూ చూస్తూ మాణిక్యం ఒకనాడు మట్టిలో వేలితో 'జా' రాసింది.

"ఒరేయ్, మామ్మ జా రాసేసిందిరోయ్!"

"రోజూ అమ్మేది జామకాయే గదర్రా. ఆ మాత్రం రాయలేనేంటి?"

లోపల మాస్టారి గొంతు, బయట వీళ్ళ గొంతులు, మధ్యలో నేను. ఏ వైపు బడో, ఏ వైపు వీధో నాకు తెలిసేది కాదు.

ఒకనాడు వీరవేణి తండ్రి సత్తిబాబు అటుగా పోతూ కూతుర్ని చూశాడు. "గేటు బయట కూకోడానికి బడెందుకే? వచ్చే నెలాఖరుకి మానేసి తోటలోకొచ్చెయ్."

ఆ పిల్ల సగం వేసిన లెక్కను పాదంతో చెరిపేసింది.

ఆ వారంలోనే మాస్టారు రిటైరయ్యారు. తరవాతి సోమవారం ఒకావిడ బస్సు దిగి పరుగున వచ్చింది. పూలమూటలు ఎక్కించుకుంటూ బస్సు దారంతా ఆగిందట. నేను అప్పటికే గొలుసుకు పడ్డాను.

"తాళం తియ్యి బాబూ. నేను కొత్త హెడ్మిస్ట్రెస్‌ని."

"ఆయ్, మొన్నొకాయన కలెక్టరు గారి బావమరిదినన్నారండి. ఆయనక్కూడా తియ్యలేదండి. ఇంటర్వెల్‌కి రండి," అన్నాడు గంగరాజు.

ఆవిడ పేరు ఎస్తేరురాణి. చేసేది లేక మాణిక్యం పక్కన కూర్చుని, జామకాయ కొరుకుతూ ఇంటర్వెల్ దాకా పిల్లల్ని చూసింది. ఎవరూ చెప్పకుండా ఎవరి పని వాళ్ళు ఎంచుకోవడం చూసింది. గంట కొట్టాక గంగరాజు నన్ను తీసి, ఆవిడ ఆర్డరు చూసి నాలుక కరుచుకున్నాడు.

ఆవిడ అతన్ని ఏమీ అనలేదు. నన్ను మాత్రం మళ్ళీ వేయనివ్వలేదు. మర్నాడు పిల్లలతో, "ఇంటర్వెల్ దాకా పొద్దు మీది. దాన్ని ఏం చేసుకుంటారో మీరే తేల్చుకోండి," అంది.

మొదట తేల్చుకున్నది ఆటలు. ఇంటర్వెల్ దాకా కబడ్డీయే. లెక్కల మాస్టారు 'నేను ముందే అనుకున్నాను' అన్నట్టు మేడమ్ వంక చూశారు. కొద్దిరోజులకే తగువులు, మోకాళ్ళ దెబ్బలు, విసుగు. అప్పుడు వీరవేణి లేచింది.

"గేటు బయట చేసినట్టే లోపలా చేద్దామండి. ఎవరికి వెనకబడ్డ పాఠం వాళ్ళు చూసుకుంటాం. రాకపోతే అడుగుతాం. మాస్టార్లు మా మధ్యన తిరిగితే చాలండి. పువ్వు కోసొచ్చినోళ్ళు వచ్చిన కాడ్నించి మొదలెడతారు."

అందరికీ కలిపి చెప్పే పాఠాలు ఇంటర్వెల్ తరవాతకు జరిగాయి. కబడ్డీని కూడా వదులుకోలేదు లెండి, సాయంత్రానికి మార్చుకున్నారు.

నెలాఖరుకు సత్తిబాబు రానే వచ్చాడు. నేను మేడమ్ బల్ల మీద ఉన్నాను. నాకు గుండె ఉండుంటే దడదడలాడేది.

"మాస్టార్లు చెప్పకుండా చదువేంటండీ? దీన్ని తీసుకుపోతానండి."

"చదివేది మీ అమ్మాయి. గేటు తీసే ఉంది. తననే అడగండి."

సత్తిబాబుకు కూతురికి చెప్పడమే గాని అడగడం అలవాటు లేదు. కాసేపు గొంతు సవరించుకున్నాడు. "ఏమే, వత్తావా?"

"రాను నాన్నా. పువ్వు కోసే వత్తన్నాను గదా, నీ పనెక్కడ ఆగింది? బయట కూకోడానికి బడెందుకన్నావు. ఇప్పుడు బయట కూకోబెట్టేవోళ్ళే లేరు."

సత్తిబాబు తువ్వాలు దులిపి రెండో భుజం మీదికి మార్చుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "పొద్దున్న కోత మాత్రం మానకే," అని వెళ్ళిపోయాడు. మేడమ్ గట్టిగా ఊపిరి వదిలింది. నేనూ వదిలాను, తాళంచెవి పెట్టే కంతలోంచి.

ఆ తాళంచెవి, గంగరాజు కాలవలో ఈతకు దిగినప్పుడు మొలతాడు నుంచి జారిపోయిందట. చెవి లేని తాళం ఎవరికి కావాలి? పాత ఇనుములో పడేయబోతుంటే మాణిక్యం అడిగి తీసుకుంది. ఇప్పుడు ఆవిడ బుట్ట గేటు లోపలే ఉంటుంది. పిల్లల మధ్య కూర్చుని రాసుకునేటప్పుడు, గోదావరి గాలికి కాగితం ఎగిరిపోకుండా నన్ను దాని మీద పెడుతుంది. కొక్కెం పైకెత్తుకుని, నోరు తెరుచుకుని, ఆవిడ నెమ్మదిగా ఒత్తులు దిద్దడం చూస్తూ ఉంటాను. తొందరేమీ లేదు. గేటు తీసే ఉంది.

గుత్తుల మాణిక్యం,
వయసు అరవై ఆరు,
హైస్కూలు వెనక సందు, కాకరలంక.