నాన్న చదివిన చివరి పేజీ

బిందు గది తలుపుకి గడియ లేదు. మార్చిలో నెల్లూరు హాస్టల్లో ప్రాణం తీసుకోబోయిన పిల్లని ఇంటికి తెచ్చిన రోజే మాల్యాద్రి దాని స్క్రూలు విప్పేసినాడు. అల్లూరు దగ్గర ఆయనకు రెండు రొయ్యల గుంటలు. పూటపూటా నీళ్లలోంచి ట్రే ఎత్తి, మేత మిగిలిందో లేదో చూసి రొయ్యల ఆరోగ్యం చెప్పేస్తాడు. ఇప్పుడు తిన్నాక కూతురి కంచం కూడా అట్లే చూస్తా ఉండాడు.

స్నేహితురాలు వాణి ఒక నవల పంపింది. అందులో పదిహేడేళ్ల పిల్లకి బిందుకున్న దిగులు జబ్బే. డాక్టరమ్మ తండ్రిని బయట కూర్చోబెట్టి, ఆ పిల్ల చేత గంటసేపు మాట్లాడిస్తుంది. బిందుకి డాక్టరు దగ్గర దొరికేది ఐదు నిమిషాలు. అందులో నాలుగు నాన్నవే. ఈసారి ఒక్కదాన్నే మాట్లాడనిస్తే చాలనుకుని, ఆ పేజీ మూల మడిచి పుస్తకం నాన్నకిచ్చింది.

మర్నాడే తిరిగిచ్చేసినాడు.

"చదివినావా నాన్నా?"

"చివరి పేజీ చూసినా. నవ్వుకుంటా కాలేజీకి పోయింది గదా ఆ పిల్ల. రెండొందల పేజీల్లో బాగైపోయింది. నీకు ఆరు నెలలాయె."

"మడిచిన పేజీ?"

"పంట చేతికొచ్చిందా లేదా, అది చూసుకుంటే చాల్దా?"

సోమవారం డాక్టరు ముందు కూర్చోగానే ఆయనే మొదలుపెట్టినాడు. "బాగైపోయింది సార్. కంచంలో మెతుకు మిగలడం లేదు. మాత్రలు ఆపేద్దామా?"

నవల్లో అయితే డాక్టరమ్మ ఇక్కడే తండ్రిని బయటికి పంపుతుంది. ఈ డాక్టరు బయట రోగుల వరస చూసి పెన్ను తీసినాడు. "ఏమ్మా, ఆపేద్దామా?"

బిందు నాన్న వైపు తిరిగింది. "ట్రే ఖాళీగా ఉంటే రొయ్యలే తిన్నట్టా నాన్నా?"

"ఒక్కోసారి ఎండ్రకాయలు తినేస్తాయి." అలవాటుగా వచ్చేసింది జవాబు.

"పది రోజులుగా నా అన్నం మన కోళ్లు తింటా ఉండాయి."

డాక్టరు పెన్ను కింద పెట్టినాడు. "మీరు కాసేపు బయట కూర్చోండి."

"కన్నోణ్ణి సార్. నాకు తెలియంది ఏముంటుంది?" అంటానే లేచినాడు మాల్యాద్రి.

తలుపు మూసుకుంది. బిందు నోరు తెరవబోయి కిందికి చూసింది. తలుపు కింది సందులో నాన్న పాదాలు. కదలడం లేదు.

కుర్చీ బల్లకి ఆనేదాకా జరుపుకుంది.

"మెల్లగా చెప్తా సార్. వినపడకపోతే అడగండి."