పిల్లులు తొక్కని మడి

బీన్స్ మడిలో పిల్లి పెంట ఎత్తుతుంటే, గుమ్మంలో కాఫీ తాగుతూ మా ఆయన, "నీ తోట, నీ పిల్లులు. నన్ను మాత్రం కదపకు," అన్నారు. నేను కదపనేలేదు. వంట ముగించి తొమ్మిదికల్లా ఆస్పత్రి ల్యాబులో ఉండాలి. పక్కిళ్ల పిల్లులు మూడు, నిన్న నాటిన మొలకల్ని తవ్వి పారేసి, పని కానిచ్చుకుని పోయాయి. "ఆ చేతులతో వంటింట్లోకి రాకు," అని లోపల్నుంచి అత్తయ్య. రోజంతా ఊరందరి రోగాల శాంపిళ్లు పట్టుకునేదాన్ని, చేతులు కడుక్కోవడం నాకు ఒకరు చెప్పాలా?

"అన్నంలో మందు కలిపి పెట్టు, పీడా పోతుంది," అన్నారు ఆయన ఓ రోజు.

"అందులో ఒకటి కడుపుతో ఉందండీ."

"ఆడాళ్లకి అన్నిటికీ జాలే," అని నవ్వారు. జాలి పడటం తప్పయినట్టు.

గిన్నెలు తోముకుంటూ వారం రోజులు కిటికీలోంచి ఆ పిల్లుల్నే గమనించాను. పొడిగా, గుల్లగా ఉన్న మట్టిలోకే దిగుతున్నాయి. తడి మట్టి జోలికి పోవడం లేదు. అర్థమయ్యాక పని తేలికే. రోజూ మళ్లు తడిపాను. మొలకల మధ్య ముళ్లకొమ్మలు పరిచాను. వాటికీ ఓ చోటు కావాలిగా అని, గోడ మూల నీడలో గుంత తీసి, రెండు బస్తాల ఇసుక మోసి నింపాను. నడుం పట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. పది రోజులు తిరిగేసరికి మూడూ దొరసానుల్లా తిన్నగా ఇసుకలోకే వెళ్తున్నాయి. మళ్లలో ఒక్క మొలక కదల్లేదు. చూసుకుంటే కడుపు నిండిపోయింది.

పిల్లులతో విసిగిపోయిన ఎదురింటి మాస్టారు ఆ సంగతి విని చూడ్డానికొచ్చారు. మా ఆయన ఎదురెళ్లి, "బుర్ర పెట్టి ఆలోచించాం మాస్టారూ. ఇసుక వేయించాం," అని మొదలుపెట్టారు.

పదహారేళ్లుగా ఆ 'మేం'లో నేను కలిసిపోతూనే ఉన్నాను. ఈసారి నోరు ఊరుకోలేదు.

"ఈయన మందు పెట్టమన్నారు మాస్టారూ. ఇదంతా ఆలోచించింది, చేసింది నేను."

ఆయన మొహం మాడిపోయింది. అప్పుడు అరుగు మీంచి అత్తయ్య, చిక్కుడుకాయలు తుంచుతూ తల ఎత్తకుండానే, "అవును, కోడలే. బస్తాలు మోస్తుంటే చూశాను. సాయం పట్టనందుకు నాకే సిగ్గేసింది," అన్నారు.

మాస్టారు నావైపు తిరిగారు. "అయితే నువ్వే రావాలమ్మా. ఆదివారం మా పెరడు కాస్త చూసిపెడతావా?"

"వస్తాం లెండి," అన్నారు ఆయన, అలవాటుగా.

"నేను వస్తాను మాస్టారూ," అన్నాను. "ఈయన రాలేరు. ఆదివారం నుంచి ఆ ఇసుక శుభ్రం చేసే పని ఈయనది."